నలభై ఒక్క ఆవులింతలు

బండి కదిలించే ముందు ఆమె ఒకసారి లేచి నిలబడుతుంది. సీటు వీపు మీద ఎడమ చెయ్యి వేసి, నడుం తిప్పి, చివరి వరుస దాకా చూస్తుంది. తర్వాత కూర్చుని గేరు వేస్తుంది.

తల పైన అద్దం ఉంది. చూడడానికి అది చాలు. ఎవరో అడిగితే ఒకసారి చెప్పింది.

"అద్దంలో తలలు కనపడతాయి. మనుషులు కనపడరు."

ఆమె సిటీ బస్సు నడుపుతుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఒకటే రూటు. ఆస్పత్రి దగ్గర మొదలు, మిల్లు గేటు దగ్గర ఆఖరు. ముప్పై మూడు స్టాపులు, ఒక వంతెన, జాగ్రత్తగా తిప్పవలసిన రెండు మలుపులు. రోజుకు అయిదు ట్రిప్పులు. వయసు యాభై రెండు. పొట్టి మనిషి. సీటు మీద మడత పెట్టిన దుప్పటి వేసుకుంటే గానీ రోడ్డు సరిగ్గా కనపడదు.

డిపోలో అందరూ ఆమెను రేడియో అంటారు. నడుపుతూ పాడుతుంది కాబట్టి. ఏ పాటా పూర్తి కాదు. రెండో చరణం అందుకునేసరికి స్టాపు వస్తుంది. తలుపులు మూసుకున్నాక ఇంకో పాట మొదలవుతుంది. వెనక సీట్లలో కునికేవాళ్లు, గొంతు పైకి లేవగానే వంతెన వచ్చిందని తెలుసుకుని సంచులు సర్దుకుంటారు.

పాడేది సరదాకి కాదు. సరదా లేకుండానూ కాదు. నేర్చుకునే రోజుల్లో గురువు చెప్పాడు, మధ్యాహ్నం రోడ్డు జోకొడుతుంది, నిద్ర రాకుండా ఏదో ఒకటి చూసుకో అని. కొందరు డ్రైవర్లు ఏదో నములుతారు. కొందరు ప్రయాణికులతో తగువు పెట్టుకుంటారు. ఆమె పాట పెట్టుకుంది.

పాడుతున్నప్పుడు ఆమెను చూస్తే నవ్వొస్తుంది. గొంతు చిన్నది, నోరు పెద్దది. ఆ నోటి సంగతి ఇంట్లో మొదలైంది. ఆమె కాపురానికి వచ్చిన రెండో ఏడు అత్తగారికి జ్వరం తగిలి చెవులు పోయాయి. గొంతు మాత్రం మిగిలింది, అదీ బాగా గట్టిగా. అప్పటి నుంచి అత్తగారు పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. "సణగకే, విప్పి చెప్పు" అని ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. కోడలు ఒక్కొక్క అక్షరాన్నీ నోరారా తెరిచి చూపించడం నేర్చుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో అది నోటికే అలవాటైపోయింది. బస్సెక్కినా పోలేదు.

ఆ ఏడాది మొదట్లో వేరే రూటులో ఒక డ్రైవరుకు కునుకు పట్టి, బస్సు ఒక దుకాణం మెట్లెక్కింది. ఎవరూ పోలేదు. ఒకావిడ మణికట్టు విరిగింది. కంపెనీ అన్ని బస్సుల్లో కెమెరాలు పెట్టించింది. స్టీరింగు వెనక అగ్గిపెట్టెంత డబ్బా. డ్రైవరు నోరు తెరిస్తే ఆవులింత అనుకుని కూత పెడుతుంది, ఆ కాసేపటి కదిలే బొమ్మను దాచుకుంటుంది. నెలకు ఇరవై దాటితే విచారణ. నిజంగా కునుకు పట్టిందని తేలితే, ఒక్కసారైనా సరే, స్టీరింగు దిగాలి. మళ్లీ ఎక్కించడం మేనేజరు ఇష్టం.

డిపోలో గోల మొదలైంది. "మన మొహాలు చూడడానికి వీళ్లెవరు?" అన్నారు కొందరు. ఒకాయన డబ్బా మీద చేతిరుమాలు ఆరేశాడు.

ఆమె ఆ గోలలో కలవలేదు.

"నా వెనక నలభై మంది కూర్చుంటారు. నన్ను ఒకరు చూస్తే తప్పేముంది? చూడనీ."

అదే నెలలో కొత్త టైమ్ టేబుల్ వచ్చింది. మూడో ట్రిప్పు తర్వాత మిల్లు గేటు దగ్గర ఉండే పన్నెండు నిమిషాల విరామం అందులో లేదు. కెమెరాల నోటీసును గోడ మధ్యలో రంగుల్లో అంటించారు. టైమ్ టేబుల్‌ను తలుపు వెనక అంటించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చదవలేదు.

మొదటి వారంలోనే ఆమె లెక్క ఇరవైకి చేరింది. రోజుకు మూడు నాలుగుసార్లు, గొంతు బాగా పైకి లేచిన చోట ఒక కూత. ప్రయాణికులకు అదొక వినోదమైంది. రోజూ ముందు సీట్లో కూర్చునే లెక్కల మాస్టారు అన్నాడు:

"రేడియోగారూ, తాళం బాగా కుదిరింది. కాస్త శ్రుతి చూసుకోమనండి దాన్ని."

కూతలు ఇక రాకూడదని మేనేజరు హెచ్చరిక కాగితం పంపాడు. ఆమె రెండు రోజులు నోరు మూసుకుని నడిపింది. మొదటి రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం, మూడో ట్రిప్పు దిగకుండానే నాలుగోది మొదలుపెట్టి, ఆరో స్టాపు దాటాక, నోరు తెరుచుకుంది. పాట లేదు. ఎండకు పెట్టుకున్న నల్ల కళ్లద్దాల వెనక కళ్లు మూతలు పడ్డాయి. డబ్బా కూత పెట్టింది. ఆమె ఉలిక్కిపడి బ్రేకు మీద నిలబడింది. ముందున్న సిమెంటు లారీకీ బస్సుకీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. మాస్టారి గొడుగు కింద పడింది.

"కుక్క అడ్డొచ్చిందా?" అన్నాడాయన, గొడుగు తీసుకుంటూ.

ఆమె మళ్లీ గేరు వేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. తర్వాతి స్టాపు నుంచి మళ్లీ పాడింది. ఇదివరకటికంటే నోరు పెద్దది చేసి, వదలకుండా పాడింది. నెలాఖరుకు నలభై ఒకటి అయ్యాయి.

విచారణ కాగితం ఇంటికి వచ్చింది. భర్త తాళాలు బాగుచేస్తాడు. వంటింటి బల్ల మీద ఒక తాళాన్ని ముక్కలు చేసుకుని కూర్చున్నాడు. కాగితం చదివి అత్తగారి వైపు జరిపాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుంది.

"ఆవులింతలా? నువ్వా?" ఆవిడ గొంతుకు పక్కింటి కిటికీ తెరుచుకుంది. "పొద్దున అయిదింటికి లేచి, లైటు వేసి నా నిద్ర కూడా చెడగొట్టే మనిషివి!"

"పాడుతుంటే అది ఆవులింత అనుకుంటోంది అత్తయ్యా."

"మరి ఆ మాట వాళ్లకి చెప్పు."

"బొమ్మలే ఉన్నాయట. శబ్దం లేదు. పాటని ఎలా రుజువు చేయను?"

అత్తగారు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, రేపు నా మంచి చెప్పులు బయట పెట్టు."

మర్నాడు మేనేజరు గదిలో నాలుగు కుర్చీలు, ఒక టీవీ తెర. మేనేజరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. మాటలు సగం చెప్పి ఫోను వైపు చూస్తాడు. పక్కన కెమెరాల కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి, ఒళ్లో కంప్యూటరు.

"ఈ పెద్దావిడ ఎవరమ్మా?" అన్నాడు మేనేజరు.

"మా అత్తగారు సార్. నా పాటలు చదువుతుంది."

"పాటలు చదవడమేంటి?"

అత్తగారు ఆయన మూతి వైపే చూస్తోంది. "మీసం కాస్త కత్తిరించుకో నాయనా. సగం మాటలు అందులోనే చిక్కుకుంటున్నాయి."

ఇంజనీరమ్మాయి నవ్వు ఆపుకుంది. నమ్మకం కుదరక పరీక్ష పెడతానంది. గది బయటికి వెళ్లి, అద్దాల తలుపు వెనక నిలబడి, శబ్దం లేకుండా ఏదో అంది. అత్తగారు వెంటనే చెప్పింది.

"ఆకలేస్తోంది, ఈ పని ఎప్పుడు తెములుతుందో, అంటోంది."

అమ్మాయి ఎర్రబడిన మొహంతో లోపలికి వచ్చి కూర్చుంది. బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది.

తెర మీద కోడలి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అత్తగారు ముందుకు వంగింది.

"ఇది వాన పాట. 'చినుకు' దగ్గర ఆగింది, స్టాపు వచ్చి ఉంటుంది. ఇది మా మనవరాలికి పాడిన జోల. ఇది... ఏమే, ఈ పాటలో రెండో మాట తప్పు పాడుతున్నావు."

"తప్పా?"

"ఇన్నేళ్లుగా తప్పే. పోనీలే అని ఊరుకున్నాను."

మేనేజరు ఫోను పక్కన పెట్టేశాడు. ఇంజనీరమ్మాయి ఒక్కొక్కదాని పక్కన 'పాట' అని రాసుకుంటోంది. పద్దెనిమిది, పందొమ్మిది. ఇరవై.

ఇరవై ఒకటో బొమ్మ. నల్ల కళ్లద్దాలు. నోరు నెమ్మదిగా తెరుచుకుంది. అలాగే ఉండిపోయింది. తల అంగుళం ముందుకు వాలింది.

అత్తగారు కోడలి వైపు చూడలేదు. చీకటిపడ్డ ఆ నోటినే చూస్తూ, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి అంది:

"ఇదీ పాటే. సాగదీసి పాడింది."

అమ్మాయి 'పాట' అని రాసి, తర్వాతి బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఆగమ్మా," అంది రేడియో.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అత్తగారికి ఎదురుగా, ప్రతి అక్షరమూ కనపడేలా చెప్పింది.

"అది పాట కాదత్తయ్యా. నాకు నిద్రొచ్చింది."

"నోర్ముయ్యవే," అంది అత్తగారు.

"నిజంగానే నిద్రపోయాను సార్. రెండు సెకన్లో, మూడో. ఎదురుగా లారీ ఉంది. ఈ డబ్బా కూయకపోతే దాన్ని గుద్దేదాన్ని. ముందు సీట్లో మాస్టారు ఉన్నారు. ఆ రోజు పాడలేదు. మీరు వద్దన్నారు కదా అని మూసుకున్నాను. పన్నెండు నిమిషాలూ లేవు."

"ఏ పన్నెండు నిమిషాలు?" అన్నాడు మేనేజరు.

"మిల్లు గేటు దగ్గరవి. తీసేశారు కదా సార్."

మేనేజరు మీసం రుద్దుకున్నాడు. ఇంజనీరమ్మాయి కంప్యూటరులో ఏదో వెతికి, తెరను ఆయన వైపు తిప్పింది.

"సార్, ఇది మొత్తం డిపో లెక్క. ప్రతి వారమూ మీకు పంపుతూనే ఉన్నాం. కూతల్లో సగానికి పైగా మధ్యాహ్నం రెండు నుంచి మూడు లోపు వచ్చాయి. వీళ్లందరూ పాటగాళ్లయితే కాదు."

"నేను పేర్ల పేజీ చూస్తాను," అన్నాడాయన నెమ్మదిగా. "టైముల పేజీ తెరవలేదు."

రేడియో చేతిలోని నల్ల కళ్లద్దాలు బల్ల మీద పెట్టింది.

"కెమెరా ఉండనివ్వండి సార్. నాకు దాంతో తగువు లేదు. ఇవాళ్టి నుంచి ఇవి పెట్టుకోను, నా కళ్లు చూసుకోమనండి. ఎండకి ముందు అద్దం మీద తెర మీరు వేయించండి. నోరు మాత్రం నాది. దాని జోలికి రావద్దనండి. అది చూసిందేదో మీరూ చూడండి. అంతే."

"కళ్లని పట్టుకునేలా మార్చొచ్చు," అంది ఇంజనీరమ్మాయి. "వారం పడుతుంది."

మిగతా బొమ్మలు కూడా వేసి చూశాక, మేనేజరు చాలాసేపు కాగితం మీద రాశాడు. నలభై పాటలు కొట్టేశాడు. కునుకు ఒక్కటి ఉంచాడు. రూలు రూలే, మూడు రోజులు స్టీరింగు దిగాలన్నాడు. తర్వాత అదే రూటు, అదే బండి. సోమవారం నుంచి మూడో ట్రిప్పు తర్వాత అందరికీ పన్నెండు నిమిషాలు. పైవాళ్లు అడిగితే సమాధానం తను చెప్పుకుంటానన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఫోను వైపు చూడలేదు.

డిపో గేటు దాటాక అత్తగారు మొదలుపెట్టింది.

"అంత చక్కగా అబద్ధం ఆడానే నీకోసం! ఈ వయసులో!"

"బాగానే ఆడారు అత్తయ్యా."

"గుద్దేదానివా నిజంగా?"

"ఊఁ," కోడలు తలూపింది.

ఆవిడ కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున రేడియో అలవాటు చొప్పున అయిదింటికే లేచింది. చేయడానికి పనేమీ లేదు. ఎనిమిదింటికి అత్తగారిని తీసుకుని తన బస్సే ఎక్కింది. టికెట్టు కొనుక్కుని, ఎడమ వైపు కిటికీ సీట్లో అత్తగారిని కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. స్టీరింగు దగ్గర వేరే డ్రైవరు ఉన్నాడు. బాగానే నడుపుతున్నాడు.

ముప్పై మూడు స్టాపుల రోడ్డు పక్కలు ఆమె చూడడం అదే మొదటిసారి. పన్నెండో స్టాపు దాటాక అత్తగారు కిటికీలోంచి వేలు చూపించింది.

"అదేంటే?"

"తెలీదు."

"ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నావు!"

"ముందుకి చూస్తూ తిరిగాను అత్తయ్యా."

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచారు. అది నిచ్చెనల దుకాణం. నిచ్చెనలు తప్ప ఇంకేమీ లేవు. వెదురువి, ఇనుపవి, మడత పెట్టేవి, పైకప్పు దాకా వెళ్లేవి. దుకాణం ఆయన ఏం కావాలని అడిగాడు.

"చూడ్డానికి వచ్చాం," అంది రేడియో.

ఈలోపు అత్తగారు చెప్పులు విడిచి, ఒక వెదురు నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టేసింది.

"అమ్మా, పడతారు!" అన్నాడు దుకాణం ఆయన. ఆవిడ అటు చూడడం లేదు. రెండో మెట్టు ఎక్కింది.

"దింపండమ్మా ఆవిణ్ణి."

"ఎక్కనివ్వండి," అంది రేడియో. చేతిసంచి నేల మీద పెట్టి, నిచ్చెన రెండు కాళ్లనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది.