క్లారీ తెల్లపళ్ళ ఉద్యమం

క్లారీ విట్‌కోమ్ ఎవరు ఎదురుపడినా ముందు పళ్ళు చూస్తాడు. మొహం, పేరు, యోగక్షేమం అన్నీ ఆ తర్వాత, తీరికుంటే. పోస్టుమాన్ "గుడ్ మార్నింగ్" అంటే "ఎడమవైపు కాస్త పచ్చబడ్డట్టుందే" అని జవాబిస్తాడు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అంటుంటే, క్లారీ మాత్రం కళ్ళు తెరిచి వరసగా నోళ్ళు తనిఖీ చేస్తాడని చెప్పుకుంటారు.

బార్గన్ పాయింట్ బౌలింగ్ క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. పచ్చిక మీద పెద్ద బంతుల్ని దొర్లించి, దూరంగా ఉన్న చిన్న తెల్లబంతి పక్కన ఆపే ఆట అది. ఆడేవాళ్ళంతా రిటైరైనవాళ్ళే. టోపీ నుంచి బూట్లదాకా తెల్లవే వేసుకోవాలన్నది తాతలనాటి రూలు. ఒక శనివారం మీటింగులో క్లారీ బల్ల గుద్దాడు.

"టోపీ తెలుపు, చొక్కా తెలుపు, బూటు తెలుపు. నోరు తెరిస్తే మాత్రం పచ్చబడ్డ పాత పియానో మెట్లు! క్లబ్బు పండక్కి ఫొటో తీస్తున్నాం. అప్పటికి అందరి పళ్ళూ తెల్లబడాలి."

క్యాంటీను చూసే గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. "నా పళ్ళు నా ఇష్టమయ్యా. నీకెందుకు మధ్యలో?"

"ముందు నీతోనే మొదలు గ్లెనిస్. నీ పళ్ళు చూస్తే మా అమ్మమ్మ వంటింట్లో పొగచూరిన కర్టెన్లు గుర్తొస్తాయి నాకు."

అందరూ గొల్లుమన్నారు. నవ్వినవాళ్ళని క్లారీ ఒక్కొక్కర్నే పట్టుకుని వాయించాడు. ఆటగాళ్ళ పేర్లు రాసుకునే వెర్న్ పళ్ళు తుప్పుపట్టిన కంచె అన్నాడు. చివరి కుర్చీలో కూర్చున్న గ్లెనిస్ స్నేహితురాలు మెర్ల్‌ని మాత్రం చూడనట్టే దాటిపోయాడు. గ్లెనిస్ ఆ సంగతి గమనించలేదు. ఆవిడ అప్పటికే పళ్ళు నూరుతూ ఉంది, ఆ కర్టెన్లే.

గ్లెనిస్ బాధంతా మెర్ల్ గురించే. మెర్ల్ నవ్వితే పక్క పచ్చిక మీదవాళ్ళు కూడా ఆట ఆపి నవ్వేవారు. ఈమధ్య పక్క ఊరి టీమొకటి వచ్చినప్పుడు అందులో ఒకావిడ, "ఈవిడ టీ తాగుతుందా, టీతో పళ్ళు తోముకుంటుందా?" అనేసింది. ఆ రోజు నుంచి మెర్ల్ చెయ్యి నోటికి అతుక్కుపోయింది. నవ్వు మానేసింది. ఈ సీజన్ అయ్యాక ఆటే మానేస్తానంది. మెర్ల్ లేకపోతే గ్లెనిస్‌కి ఆటా లేదు, కబుర్లూ లేవు.

మీటింగు అయ్యాక గ్లెనిస్ క్లారీని గుమ్మం దగ్గర నిలేసింది. "బుర్రుందా నీకు? పొద్దస్తమానం పళ్ళ పురాణం విప్పితే మెర్ల్ రేపే మానేస్తుంది."

"బుర్ర సంగతి తర్వాత చూద్దాం. నీ కింది వరస ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

క్లారీ క్లబ్బు వ్యానులో అందర్నీ ఎక్కించి డెంటిస్టు దగ్గరికి తోలుకుపోయాడు. "డాక్టరు చూడకుండా ఎవ్వరూ పళ్ళు తెల్లబరిచే జెల్ ముట్టుకోవద్దు. పుచ్చుపళ్ళున్నా, చిగుళ్ళు వాచినా ముందు అవి బాగుచేయించుకోవాలి." వెర్న్ అప్పటికే ఎక్కడో ఆర్డరిచ్చి జెల్ వేసి పళ్ళకి తొడుక్కునే ట్రేలు, అందరికీ ఒకే సైజువి, తెప్పించుకున్నాడు. క్లారీ వాటిని వ్యాను కిటికీలోంచి ఊరందరికీ చూపించి మరీ తిట్టాడు. "నోరేమన్నా చెప్పుల జతా, అటూ ఇటూగా సరిపోడానికి? వదులైతే జెల్లంతా చిగుళ్ళ మీదికి కారుతుంది. నీ పళ్ళకి అచ్చు తీయించుకో!"

"నాకో పంటికి తొడుగుందిగా, అదీ తెల్లబడుతుందా?" అన్నాడు వెర్న్.

"బడదు. తొడుగులకీ, పెట్టుడు పళ్ళకీ ఈ జెల్ ఏమీ చెయ్యదు. పెట్టుడు పళ్ళవాడు ఈ ట్రే పెట్టుకోవడమంటే గోడకి షాంపూ రాసినట్టే."

వ్యానులో ఎవరి పళ్ళ బెంగ వాళ్ళది. వెనకసీట్లో చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న మెర్ల్‌ని ఎవరూ చూడలేదు.

ఇక రోజూ నాలుగింటికి క్లబ్బులో క్లారీ విజిల్ మోగేది. "తోముకున్నారా? పళ్ళు తుడుచుకుని ఆరబెట్టుకున్నారా? ట్రేలో ఒక్కో పంటి గుంటకి బియ్యపుగింజంత! గ్లెనిస్, అది జెల్లు తల్లీ, కేకు మీద క్రీము కాదు. చిగుళ్ళ మీదికి వచ్చింది తుడిచెయ్యండి." తన ట్రేలు మాత్రం బాత్‌రూములోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టి మరీ పెట్టుకొచ్చేవాడు. పెద్దమనిషి సిగ్గుపడుతున్నాడని గ్లెనిస్ వెక్కిరించేది.

ఆ తర్వాత డాక్టరు చెప్పినంతసేపు అందరూ నోరు మూసుకుని కూర్చోవాలి. గ్లెనిస్ ఆపకుండా అంతసేపు నోరు మూసుకోవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. నోట్లో ఊరే చొంగకి జడిసి అందరూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. మెర్ల్ చెయ్యి ఆ గుంపులో కలిసిపోయింది. మానేస్తుందనుకున్న మనిషి ఒక్క రోజు కూడా మానలేదు.

వెర్న్ తొందరపడి రాత్రంతా ట్రే ఉంచేసుకున్నాడు. తెల్లారి చల్లటి బీరు గుక్క పడగానే కెవ్వుమన్నాడు.

"ఎక్కువసేపు పెడితే ఎక్కువ తెల్లబడవు, నరాలు జివ్వుమంటాయి. నువ్వు మానెయ్ కొన్నాళ్ళు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పో" అని క్లారీ, తన గ్లాసులో ఐసుముక్క తీసుకుని కరకర నమిలాడు. అందరికీ ఏదో ఒకరోజు పళ్ళు జివ్వుమన్నాయి, ఆయనకి తప్ప.

అంతవరకూ గ్లెనిస్ ఓర్చుకుంది. పళ్ళకి రంగు అంటుతుందని ట్రే తీశాక టీ వద్దన్నా ఓర్చుకుంది. బీట్‌రూట్ శాండ్‌విచ్‌లు నిషేధించినప్పుడు మాత్రం ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. బీట్‌రూట్ లేకపోతే దాన్ని శాండ్‌విచ్ అని బార్గన్ పాయింట్‌లో ఎవరంటారు? తీరా ఒకరోజు సామాన్ల షెడ్డు వెనక చూస్తే ప్రెసిడెంటుగారు ఒక చేతిలో బీట్‌రూట్ శాండ్‌విచ్, ఇంకో చేతిలో నల్లటి టీ!

"సిగ్గులేదూ? రూళ్ళన్నీ మాకేనా?"

"రంగు అంటుతుందో లేదో పరీక్షిస్తున్నా" అన్నాడు క్లారీ నోటినిండా పెట్టుకుని.

ఫొటో రోజు వచ్చింది. అందరూ తెల్లబట్టల్లో పచ్చిక మీద వరసగా నిలబడి పళ్ళు ఇకిలించారు. మెర్ల్ పళ్ళు బాగానే తెల్లబడ్డాయి. కాగితంలా కాదు, మీగడ రంగులో. అయినా పెదాలు బిగించుకునే ఉంది. "కొంచెం నవ్వండమ్మా" అని ఫొటోగ్రాఫర్ ఎంత బతిమాలినా చెయ్యి మూతి మీదికే పోతోంది. ఇంత చేసినా ఇంతేనా అని గ్లెనిస్ గుండె జారిపోయింది.

అప్పుడే సముద్రం వైపు నుంచి ఒక సీగల్ పక్షి దూసుకొచ్చింది. క్లారీ వీపు వెనక దాచుకున్న శాండ్‌విచ్‌ని తన్నుకుపోయింది. బీట్‌రూట్ ముక్క మాత్రం వదిలేసింది. అది ప్రెసిడెంటుగారి తెల్ల ప్యాంటు వెనక భాగంలో సరిగ్గా మధ్యన అతుక్కుంది.

మెర్ల్ నవ్వింది. చెయ్యి సంగతి మర్చిపోయి, తల వెనక్కి వాల్చి, పక్క పచ్చిక మీదవాళ్ళు ఆట ఆపేలా నవ్వింది. అది చూసి క్లారీ ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో ఆయన పైవరస పళ్ళన్నీ ఒక్కసారిగా నోట్లోంచి ఊడి, ఫొటో కోసం పచ్చిక మీద ముందు పెట్టిన చిన్న తెల్లబంతి పక్కన పడ్డాయి.

అందరూ నోళ్ళు తెరిచారు. తెల్లటి నోళ్ళు.

"ఇంత దగ్గరగా నేను ఒక్క బంతీ వెయ్యలేదు" అన్నాడు వెర్న్.

గ్లెనిస్ వంగి ఆ పళ్ళు తీసి, జేబురుమాల్లో చుట్టి క్లారీ చేతిలో పెట్టింది. "కిందవీ పెట్టుడువేనా?" అని గుసగుసగా అడిగింది.

క్లారీ తలూపాడు.

"గోడకి షాంపూ రాసుకుంటూ కూర్చున్నావా ఇన్నాళ్ళూ? ఎందుకయ్యా?"

క్లారీ మెర్ల్ వైపు ఒక్కసారి చూసి టోపీ సర్దుకున్నాడు. గ్లెనిస్‌కి అప్పుడు తెలిసింది. మెర్ల్ ఒక్కదాన్నే డెంటిస్టు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళేదా? ఆవిడ కోసం ఈ తిక్కమనిషి ఊరందరి పళ్ళనీ తిట్టాడు, ఊరందరి చేతా తిట్లు తిన్నాడు. గ్లెనిస్‌కి ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. ఆ బీట్‌రూట్ ముక్క చూసి మానుకుంది.

"వెర్న్, వచ్చే సీజన్‌కి నా పేరు రాసెయ్!" అని మెర్ల్ కేకేసింది, ఇంకా నవ్వుతూనే.

ఆ ఫొటో ఇప్పటికీ క్లబ్బు గోడ మీద ఉంది. అందులో మెర్ల్ నోరంతా తెరిచి నవ్వుతోంది. మధ్యలో ప్రెసిడెంటుగారు పెదాలు లోపలికి పోయి సున్నా చుట్టినట్టున్నాడు. మర్నాటి నుంచి గ్లెనిస్ మళ్ళీ బీట్‌రూట్ శాండ్‌విచ్‌లు మొదలుపెట్టి, మొదటి ప్లేటు ఆయన ముందే పెట్టింది.

క్లారీ ఆవిడని తేరిపార చూశాడు. "గ్లెనిస్, నీ కింది వరస ఇంకా కొంచెం..."

"నీ పైవరస జేబులో ఉంది. ముందది పెట్టుకుని మాట్లాడు."