లాయరు సారు మీద నేను రాసిన మాట

మా వీధి లాయరు సారు శుక్రవారం పొద్దున పోయినారు. ఎదుటి పార్టీతో కుమ్మక్కై కక్షిదారును ముంచినాడని ఆయన మీద ఆలూరంతా ఒక మాట తిరుగుతా ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం రాసింది నేను.

సారు తప్పు చేయలేదని కాదు. చేసినారు. కోసిగి పక్క పల్లెలో కూలి చేసుకునే ఒకామె తన రెండెకరాల కోసం బావ మీద దావా వేసింది. సారు వాయిదా తేదీని డైరీలో తప్పుగా రాసుకున్నారు. ఆ పొద్దు కోర్టులో పేరు పిలిస్తే పలికే దిక్కు లేక దావా కొట్టేసినారు. ఆమె అప్పటికి మిరపకోతలకు గుంటూరు పక్కకు పోయింది.

ఆమె తిరిగొచ్చినాక "నువ్వు రాలేదు కాబట్టే పోయిందమ్మా" అనుంటే నమ్మేది. సారు అట్లనలేదు. నన్ను కూడా పిలిపించి, ఆమె ముందర లేచి నిలబడినారు.

"తప్పు నాదమ్మా. కోర్టుకు అట్లే రాసిస్తా, నీ దావా మళ్లీ లేస్తుంది. నువ్వు బార్ కౌన్సిలుకు నా మీద ఫిర్యాదు పెట్టు."

"నీ మీద ఫిర్యాదు పెడితే నాకు ముద్ద దిగుతాదా సార్? వద్దులే."

"తేదీ తప్పింది నేను, పొలం పోయేది నీకు. నాకేమీ పోకపోతే అదేం న్యాయమమ్మా?" అని నా దిక్కు తిరిగినారు. "రాసేదానికి మనోడుండాడు. వీధిలో గోడలన్నీ వీని చేతిరాతే."

నేను ఎప్పుడు కనిపించినా సారు "ఏమప్పా నాయకా, ఈ పొద్దు ఎవుర్ని కూలదోస్తాండావు?" అనేవారు. నేను తెచ్చే కరపత్రాలు అద్దాలు పెట్టుకుని మొత్తం చదివేవారు. ఒక్కో చోట పెన్సిలుతో గీత కొట్టి "ఇది నువ్వు చూసినావా, విన్నావా?" అని అడిగేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అరిచి లేచిపోతే, మర్నాడు మళ్లీ టీకి పిలిచేవారు.

చదువు రానోళ్లు వస్తే అర్జీ మొత్తం వాళ్ల మాటల్లో చెప్పి వినిపించందే వేలిముద్రకు ఇంకుప్యాడు మూత తీసేవారు కాదు. "మా సారు రాసేది అర్జీ కాదు, హరికథ" అని జూనియర్లు నవ్వేవాళ్లు.

ఇదంతా చూసినవాణ్ణే. అయినా ఫిర్యాదు రాయడానికి కూర్చుంటే, తేదీ తప్పడం నాకు శానా చిన్నగా కనిపించింది. నేను చదివిన పుస్తకాల్లో ఏ ప్లీడరూ మరిచిపోడు, అమ్ముడుపోతాడు. అందుకే "ఎదుటి పార్టీతో కుమ్మక్కై, కావాలనే" అని చేర్చినాను.

ఆమెకు బస్సు టైమైంది. "ఏం రాసినావప్పా?" అనింది. "సారు చెప్పిందే" అని వేలు పట్టుకుని ముద్ర వేయించినాను. చదివి వినిపించలేదు.

బార్ కౌన్సిలు నుంచి ఫిర్యాదు నకలు సారుకు చేరింది. నన్ను పిలిచి ఆ వరస మీద వేలు పెట్టినారు.

"ఈ మాట ఆమె చెప్పిందా?"

"ప్రజలు చెప్పినారు సార్!"

"ప్రజలకు వేలిముద్ర లేదప్పా. ఆమెకుండాది. ఇది కొట్టేయించు. నేను చెప్తే తప్పించుకునేదానికి చెప్తాండానంటారు."

సరేనన్నాను. చేయలేదు. తల వంచడం ఓడిపోవడమనుకున్నాను. ఆ మాటనే కరపత్రం వేసి కోర్టు గేటు కాడ పంచినాను. బార్ కౌన్సిలు విచారణలో సారు తేదీ తప్పిన సంగతి ఒప్పుకున్నారు. కుమ్మక్కుకు రుజువు లేదని కమిటీ తేల్చి, వాయిదా తప్పినందుకు కొన్నాళ్లు సస్పెండు చేసింది. సారు రాసిచ్చిన కాగితంతో ఆమె దావా మళ్లీ లేచింది. ఊరికి మాత్రం నా మాటే మిగిలింది. గడువు తీరి సారు మళ్లీ కోటు వేసుకుంటే, ఆయన దగ్గరికి ఒక్క కేసూ రాలేదు.

పాడె మోయడానికి నలుగురు దొరకడమే కష్టమైంది. ఆమె మాత్రం కోసిగి పక్క నుంచి వచ్చింది. నా దగ్గరికొచ్చి అడిగింది: "సారు అమ్ముడుపోయినాడని నేనే రాయించినానంట కదప్పా? నేనా మాట యాడ చెప్పినా?"

"సోమవారం కోర్టు కాడికి రామ్మా" అని మాత్రం అన్నాను.

అయ్యలారా, అమ్మలారా, నా కరపత్రం చదివినోళ్లు, చదివి ఇంకొకరికి చెప్పినోళ్లు, సోమవారం పొద్దున పది గంటలకు ఆలూరు కోర్టు గేటు కాడికి రండి. అబద్ధం అరిచిన చోటే నిలబడి నిజం చెప్తాను. తిట్టేవాళ్లు తిట్టండి. ఆమె మొదటి బస్సుకే వస్తానంది. ఎందుకు రమ్మన్నానో ఆమెకింకా తెలీదు.