ఆరుగురి బల్ల

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే మనిషిని. మా ఇంట్లో గిన్నె మూత కిందపడితే పెద్ద అంబర్‌పేట దాకా వినిపించిందంటాను. ఇందులో మీకు తోచినంత తీసేసి చదువుకోండి. ఒక్కటి మాత్రం మొత్తానికే కల్పించాను. అదేమిటో చివర్లో చెబుతాను.

మా బల్ల ఆరుగురు కూర్చుని తినేది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా "చుట్టాలొస్తే?" అని మా ఆవిడ పట్టుబట్టి తుర్కయాంజాల్‌లో కొనిపించింది. అసలు సిసలు టేకు. దాన్ని దించిన రోజు ఇబ్రహీంపట్నం ఒక అంగుళం కిందికి కుంగిందని నా గట్టి నమ్మకం. కొన్న వారానికే ఆమె పొయ్యి మీది కుక్కర్‌ను తెచ్చి నేరుగా దాని మీద పెట్టింది. పున్నమి చంద్రుడంత నల్లటి వలయం పడింది. "బల్లకే ఓపిక లేదు" అంది, తప్పంతా బల్లదే అయినట్టు. ఆ తర్వాత పదేళ్లు ఆ వలయం మీద తొక్కు జాడీ కూర్చుంది.

ఆమె పోయి రెండేళ్లు. అప్పటినుంచి నేను పొయ్యి దగ్గరే నిలబడి తింటున్నాను. బల్ల మీద పాత పేపర్లు చెరువు కట్టంత ఎత్తు పేరుకున్నాయి. ఎందుకు తీయవని అడిగినవాళ్లకు "ఇంకా చదవాలె" అనేవాణ్ని. అవతలి కుర్చీ కనబడకుండా అడ్డం పెట్టుకున్నానని ఎలా చెప్పను?

మా పై వాటాలో ఉండే అక్క శేరిగూడలో ఓ కాలేజీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. మా వెనక గల్లీలో షట్టర్ గదిలో జరిగే ప్రార్థనకు వెళ్తుంది. ఒకరోజు గుమ్మంలో నిలబడి అంది:

"అన్నా, పోయిన ఆదివారం మాకు బల్ల లేకుండె. అయ్యగారికి జరమొచ్చింది. ఈ ఆదివారం ఉంటది. నేను పొద్దుగాల్నే పోత, జర నా పాలప్యాకెట్ తీసి పెట్టు."

అయ్యగారంటే వాళ్ల పాస్టరు. బల్ల అంటే వాళ్ల మాటలో చెక్కది కాదు, ప్రభువు భోజనం: రొట్టె, ద్రాక్షరసం. మాది ఎల్లమ్మకు బోనమెత్తే ఇల్లు, నాకేం తెలుసు? కంచం చేత్తో పట్టుకుని పొయ్యి పక్కనుంచే అన్నాను:

"బల్ల లేకుంటే ఎట్లక్కా? నాది ఉత్తగనే ఉంది గదా. తీస్కపోండ్రి."

అక్క నవ్వలేదు. నా చేతిలో కంచం చూసింది. పేపర్ల గుట్ట చూసింది.

"ఎందరు పడతరు?"

"ఆరుగురు. జర సదురుకుంటే ఊరంత."

"నీ కోతలు తీసేస్తే ఆరుగురే గదా. చాలు. మాకు బల్ల కావాలె అన్నా."

శనివారం నలుగురొచ్చి ట్రాలీ ఆటోలో ఎక్కించారు. నలభై మంది అని రాసేవాణ్నే, దేవుడి దగ్గరికి పోయే వస్తువు కదా అని ఊరుకున్నాను. ఆటో ఆయన రొప్పుతూ "గింత బరువేందే, ఎవలన్న కూసున్నరా దీని మీద?" అన్నాడు.

ఆదివారం నేనూ వెళ్లి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పళ్లెంలో రొట్టె ముక్కలు, ట్రేలో మందు సీసా మూతలంతేసి గ్లాసులు. ఇది మనకు అర్హత ఉందని పెట్టే భోజనం కాదు, ఆయన కనికరపడి పెట్టేది, అని అయ్యగారు చెప్పారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లను రమ్మన్నారు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. పదేళ్లు నేను తిన్న బల్ల. ఆ గదిలో దాని దగ్గరికి పోనివాణ్ని నేనొక్కణ్నే. తల తిప్పుకున్నాను. తలుపు వెనక గోడకు ఆనించి ఒక మడత బల్ల ఉంది. శుభ్రంగా తుడిచి ఉంది. నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయి.

ప్రార్థన అయ్యాక గుడ్డ తీసి మడిచారు. అక్క బగారన్నం గిన్నె మోసుకొచ్చి, "వదిన ముందుగాలనే జాగ చేసి పెట్టింది" అంటూ సరిగ్గా ఆ నల్ల వలయం మీద దించింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏందన్నా, ఈడ గూడ నిలవడే తింటవా? కూసో."

కూర్చున్నాను. ఎదురుగా ఎవరో పెద్దాయన. నాకు తెలియదు, ఆయనకూ నేను తెలియను. ఇద్దరం తిన్నాం.

ఇప్పుడు మా హాల్లో నేల మీద నాలుగు కాళ్ల మచ్చలు మిగిలాయి. ఇంకా లేని బల్ల చుట్టూ తిరిగే వంటగదిలోకి వెళ్తున్నాను. నెలకో ఆదివారం తప్ప, అన్నం పొయ్యి దగ్గరే.

ఇక కల్పించిన ముక్క. బల్ల అంటే ఏమిటో నాకు తెలియదన్నాను చూడండి, అదే. మా ఆవిడ పోయిన కొత్తలో అక్కే అన్నం తెచ్చిపెట్టి, ఆ రొట్టె ఎవరి శరీరమో, ఆ రసం ఎవరి రక్తమో, దాన్ని బల్ల అని ఎందుకంటారో నాకు ఓపిగ్గా చెప్పింది. మా ఇంటి బల్ల ముందు ఒక్కణ్నీ కూర్చోలేకపోతున్నానని చెప్పడం చేతగాక, అక్క గుమ్మంలో నిలబడ్డ రోజు తెలియనట్టు నటించాను.

నాకు తెలుసని అక్కకు తెలుసు. అయినా, మాకు బల్ల కావాలె అంది.