పాటలో పట్టని పేరు

నా పెద్ద కూతురి పెళ్లి క్యాసెట్లో నా పేరు లేదు. తప్పు మా పక్కంగడి వీడియో సాయిబుది. ఈమధ్య నంద్యాల నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి "పెద్నాయనా, అబ్బ పోయినాడు" అని ఏడిస్తే, నాకు మొదట గుర్తొచ్చింది ఆ పేరే. మర్యాద కోసం వేరేగా చెప్పలేను. మనిషి వెళ్లిపోయాడు, నా పేరు ఇంకా రాలేదు.

ఆళ్లగడ్డలో ఆయనది పెళ్లి వీడియోల అంగడి, నాది డైనమోలు బాగుచేసే అంగడి. మధ్యన ఒక్కటే గోడ. కువైట్ నుంచి బంధువెవరో ఆయనకు ఒక కంప్యూటర్ తెచ్చిచ్చారు. ఇప్పటివాటిలా కాదు, మీటల పలకలోనే యంత్రమంతా ఉంటుంది, టీవీకి తగిలించుకోవాలి. దాంట్లో తెలుగు లేకపోతే, చుక్కలు పెట్టి ఒక్కో అక్షరం ఆయనే గీసుకున్నాడు. క్యాసెట్ మొదట్లో పాట వస్తుంటే పెళ్లివాళ్ల పేర్లు కింద నుంచి పైకి ఎక్కేవి. వాటిని చూడ్డానికే జనం క్యాసెట్ మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లు.

మా అమ్మాయి పెళ్లి అహోబిలంలో జరిగింది. క్యాసెట్ వచ్చిన రోజు ఇల్లంతా జనం. శుభలేఖ వరసలోనే పేర్లు: దేవుడు, పెద్దలు, మేనమామలు, చివర ఆహ్వానించేవాళ్లు. అంటే చివర నేను. నాకు చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుంటాను. నా పేరు టీవీలో ఎట్లుంటుందో చూడాలని ముందుకు జరిగి కూర్చున్నాను. మా చిన్న బావమరిది పేరు ఎక్కింది. పాట అయిపోయింది. పెళ్లి మొదలైంది.

క్యాసెట్ పట్టుకొని అంగడికి పోయాను.

"ఏం సాయిబూ, పెండ్లి చేసినోడు యాడ పోయినాడు?"

"యాడికీ పోలేదప్పా, కిందనే ఉండావు. మిషిన్ దేకతాండాది. నువ్వొచ్చే లోపల పాట అయిపాయ."

"ఇంకొంచెం బేగా తోలలేకపోతివా?"

"దానికి బలం చాలదు. మీ బామ్మర్దుల్లో ఒకర్ని తీసేస్తే నువ్వు పడ్తావు. ఎవర్ని తీద్దామో ఇంట్లో అడిగి రాపో."

ఇంట్లో అడిగే ధైర్యం నాకు లేదని ఆయనకు తెలుసు.

అప్పటి నుంచి పొద్దున షట్టర్ ఎత్తగానే "నా పేరు వచ్చిందా?" అని అరిచేవాణ్ణి. గోడ అవతల నుంచి "శిరివెళ్ల దాటినాదప్పా, వస్తాంది" అనేవాడు, నంద్యాల బస్సు సంగతి చెప్పినట్టు. నాకు ఒళ్లు మండేది. అయినా ఆ కంప్యూటర్ కరెంటు డబ్బా కాలినప్పుడల్లా తీగ చుట్టి ఇచ్చింది నేనే.

పేరు ఎక్కించే ముందు చేతులు కడుక్కునేవాడు. "దీర్ఘం ఉందా, లేదా?" అని పెళ్లివాళ్లను విసిగించేవాడు. "దీర్ఘం మింగితే మనిషిని కురచ చేసినట్టేనప్పా" అనేవాడు. నా అంగడి బోర్డు ఆయన రాసిందే. దాన్ని చూసి చూసే నేను సంతకం నేర్చుకున్నాను. ఆ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే నెత్తికెక్కి కూర్చునేవాడు.

సెల్లులు వచ్చాక క్యాసెట్ల పని పోయింది. అంగడి మూసి కూతురి దగ్గరికి నంద్యాల పోయాడు. బస్సులో మిషన్‌ను ఒళ్లో పెట్టుకొని, నా వైపు చెయ్యి కూడా ఊపలేదు. చెయ్యి వదిలితే అది జారుతుందని భయం.

ఆయన పోయిన మూడోనాడు సమాధి దగ్గర చేసే జియారత్‌కు పోయినప్పుడు ఆయన కూతురు నన్ను కూర్చోబెట్టి ఆ మిషన్ వేసింది. మా అమ్మాయి పెళ్లి పేర్లే! ఆయన మళ్లీ కొత్తగా చేశాడు. చుట్టూ మల్లెలు, కనకాంబరాలు, ఒక్కో రేకుకు ఒక్కో రంగు. పెద్దలు ఎక్కారు, బావమరుదులు ఎక్కారు. ఆ తర్వాత తెర వణికి ఆగిపోయింది.

"అబ్బ పూలు ఎక్కువ పెట్టినాడు పెద్నాయనా. మిషిన్ మోయలేకపోతాంది. వేగం కార్డు వేస్తే వస్తాదన్నాడు."

ఆ కార్డుల సంగతి ఆయన పోయే ముందు ఒకసారి మా అంగడికి వచ్చినప్పుడు నాకూ చెప్పాడు. బెంగళూరులో ఇట్లాంటి మిషన్లే పెట్టుకున్న ఒకాయన దగ్గర రెండున్నాయి. ఒకటి ఆ కాలందే, మిషన్ పక్కన తగిలిస్తే చాలు, కానీ బాగా కాగుతుంది. రెండోది ఇప్పుడు చేసింది, చాలా వేగం. దాన్ని పెట్టాలంటే లోపలి పెద్ద చిప్పు పీకి, ఆ గుంటలో కూర్చోబెట్టాలి.

"పాతది ఎద్దు, కొత్తది గుర్రం" అన్నాడు సాయిబు. "పేరు నడవల్లప్పా, పరిగెత్తగూడదు. చదివేటోడు నీలాంటోడు ఉంటాడు." నేను తిట్టాను. ఆయన నవ్వాడు. ఏది తెప్పించాలో తేల్చకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ పిల్ల "నువ్వే చెప్పు పెద్నాయనా" అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. పాతది కాగి, ఉన్న మిషన్‌నూ కాల్చేస్తే? మొన్న ఏ కార్డూ లేకుండా వేసినప్పుడే ఇస్త్రీపెట్టె వాసన వచ్చింది. కొత్తదానికి చిప్పు పీకాల్సింది నేను. నా చేతులు వణుకుతున్నాయి, చిప్పు కాలు ఒక్కటి విరిగినా ఆయన అక్షరాలు ఇంక లేవవు. సరిగ్గా కూర్చున్నా, గుర్రం పరిగెత్తి నా పేరు కంటికి అందకుండా పైకి పోతే? పూలు తీసేస్తే నడుస్తుందన్నారు ఎవరో. ఆయన పెట్టిన పూలు తీసే చెయ్యి నాది కాదు.

బెంగళూరాయన రెండూ ఇవ్వడు, ఒకటి తనకు కావాలట. శుక్రవారం వరకు ఆగుతానన్నాడు.

పెళ్లి వీడియోలు తీసినవాళ్లు, ఈ మిషన్ మీద పని చేసినవాళ్లు మీలో ఉంటారు. మీకు తెలుసు, నాకు తెలియదు. ఆ టీవీ అడుగున ఇప్పుడు తలకట్లు మాత్రమే కనిపిస్తున్నాయి, గోడ అవతల నిలబడినవాళ్ల నెత్తుల్లాగా. అంగడి బోర్డు మీద ఇన్నేళ్లు చూసినవే. ఆ తలకట్లు నావి. శిరివెళ్ల దాటి, ఆళ్లగడ్డ పొలిమేరలో ఆగి ఉంది నా పేరు.

ఎద్దా, గుర్రమా? శుక్రవారం పొద్దు గుంకేలోపల చెప్పండి.