సంతోషం కబురుకే ఆ రాత

మొన్న మంగళవారం ఉదయం నా ఫోనుకు ఒక కార్డు వచ్చింది. చుట్టూ పూల అంచు, మధ్యలో మా గురువుగారి పేరు, ఆయన చేతిరాతలోనే. పెళ్లిపత్రిక అనుకున్నాను. ఆయన కూతురికి సంబంధం కుదిరినట్టుందని సంతోషించాను కూడా. రెండోసారి చదివితే అది ఆయన మరణవార్త. ఆ మొదటి క్షణం నన్ను ఇంకా వదలడం లేదు.

ముందురోజు సాయంత్రం దాకా ఆయన మెదక్‌లో నిచ్చెన మీద నిలబడి గాజుల దుకాణానికి బోర్డు రాస్తూనే ఉన్నారట. ఇంటికి వచ్చి మంచినీళ్లు అడిగి, అవి వచ్చేలోపే వెళ్లిపోయారు.

కంప్యూటరుకు అక్షరాలు తయారుచేయడం నా వృత్తి. ఆయన రాతను ఫాంటుగా మలచడానికి మా ఇద్దరికీ రెండేళ్లు పట్టింది. తలకట్లు కొద్దిగా కుడికి ఒరుగుతాయి. దీర్ఘాలు పొట్లపాదు నులితీగల్లా చుట్టుకుంటాయి. ఏ పేరు రాసినా చివరి అక్షరం నుంచి ఒక తోక సాగి, వంపు తిరిగి పైకి లేస్తుంది. ప్రతి అక్షరాన్నీ మూడు విధాలుగా రాసిచ్చారు. ఒకటి చాలదా అంటే నవ్వారు: “నీ కంప్యూటర్‌కు చెయ్యి వణకదు బిడ్డా. గందుకే దానికి రాత రాదు.”

ఆ ఫాంటు పెళ్లిపత్రికల మీదికీ, చీరల దుకాణాల మీదికీ, క్రిస్మస్‌కు చర్చిలో కట్టే గుడ్డల మీదికీ ఎక్కింది. రామాయంపేట డాక్టరు ఒకాయన ముచ్చటపడి తన ఆసుపత్రి బోర్డుకు అదే కావాలంటే మాత్రం గురువుగారు ఒప్పుకోలేదు. ఏ వంపూ లేని లావుపాటి అక్షరాలు రాసిచ్చి, తిరుగుదారిలో నాతో అన్నారు: “దవాఖానకు ఉరికొచ్చేటోడు సోకు జూస్తడా? దూరంకెల్లి చదువస్తె సాలు. గీ రాత సంతోషం కబురుకే. బాధల ఉన్నోళ్లతోని కష్టపెట్టి చదివియ్యొద్దు.”

ఆయన పెట్టిన ఆ నియమాన్ని ఆయన మరణవార్తే దాటింది. వాళ్ల ఇంటి పక్క ఫ్లెక్సు దుకాణంవారు ప్రేమకొద్దీ చేసిన పని, తప్పుపట్టలేను. దినాల కార్డు నన్ను చేయమని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆ రాతలోనే కావాలంది. “నాయిన చెయ్యి గదా అక్కా. ఆఖరుసారన్న ఆయన రాతల ఉండొద్దా?”

ఒకటి ఆయన రాతలో, ఒకటి సాదా అక్షరాల్లో, రెండు కార్డులు అచ్చు వేసుకుని మెదక్ వెళ్లాను. ఆయన పేరును అడుగున విడిగా పెట్టాను. ఆయన భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడ, వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతారు. మొదటి కార్డులో రెండో వరుస దగ్గరే వేలు ఆగింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. కూతురు ఆ కార్డు తీసి, సాదా కార్డు ఆమె ముందు పెట్టింది.

ఈసారి వేలు ఆగలేదు. రోజు, చోటు, పిలుపు, అన్నీ చదివారు. అడుగున ఆయన పేరు, అదీ ఏ తోకా లేని సాదా అక్షరాల్లోనే. చివరి అక్షరం దాటాక కూడా ఆ వేలు ఖాళీ కాగితం మీద కొంత దూరం సాగి, మెల్లగా వంపు తిరిగి, పైకి లేచింది.