సబ్బు పెట్టంగనే ఎర్రబడ్డ చెయ్యి

నిన్న పొద్దుగూకంగ రెండు గంటల సేపు నేను చచ్చిపోతున్ననే అనుకున్న. నవ్వకుర్రి, ముందుగాల ఇనుర్రి!

నా పని ఎరికే గద, హజీరా ఫ్యాక్టరీల దిక్కు చిన్న ల్యాబ్. పసుపుల కర్క్యుమిన్ అని ఉంటది, నీళ్లల్ల కరగదు. మేం ఒక మొక్క ఎంజైమ్‌ను బ్యాక్టీరియాతోటి తయారు చేపిస్తం. అది కర్క్యుమిన్‌కు చక్కెర అంటిస్తది, అప్పుడు కరుగుతది. నేను చేరి నెలే అయింది. మా మేడమ్ రోజూ ఒక్కటే మాట: "ఒక్క చుక్క మీద పడ్డా నాకు చెప్పాలె."

నిన్న డ్యూటీ అయిపోయే టైంకు బ్యాక్టీరియా, పసుపు కలిపిన ఫ్లాస్క్ జారింది. గ్లౌజు చినిగి ఉన్నది, చూసుకోలే. అరచెయ్యంత పచ్చగ! బయట బస్సు హారన్ కొడుతున్నది. చెప్తే ఉద్యోగం పోతదని భయం. సప్పుడు చేయక బాత్రూంలకు ఉరికి, అక్కడున్న బట్టల సబ్బు పెట్టి రుద్దిన.

చెయ్యి ఎర్రగైంది!

ఇంకింత రుద్దిన. ఇంకింత ఎర్రగైంది, నెత్తురు లెక్క. బ్యాక్టీరియా తోలు తింటున్నదనుకున్న. బస్సుల చెయ్యి బ్యాగుల దాచుకొని కూసున్న. పక్క సీటు ఆంటీ "క్యా హువా బేటా, ఇత్నా పసీనా?" అని నా చెమట చూసి అడిగితే "గర్మీ హై", ఉక్కపోస్తున్నదన్న. ఏసీ బస్సు!

ఇంట్ల అక్క బాలింత. పదిహేను రోజుల పసిగుడ్డు. అది యాదికి రాంగనే లోపలికి పోకుంట ఆగిన. గడప బయటనే నిలబడి, "అమ్మా, నన్ను ముట్టకు! పాపను లోపలి అర్రలకు తీస్కపో!" అని ఒర్లిన. అమ్మ ఏడుపు అందుకున్నది. ఇగ దాస్తే పాపకు అంటుకుంటదని మేడమ్‌కు మెసేజ్ కొట్టిన: "బ్యాక్టీరియా నా చెయ్యి తింటున్నది. నన్ను తీసేయండి, మా పాపను మాత్రం కాపాడండి."

అప్పుడే నాయిన వచ్చిండు. పల్సానా ఊర్ల బట్టలకు రంగులేసే మిల్లుల ఇరవై ఏండ్ల సంది పని.

"ఏంది బిడ్డా, పసుపా? సబ్బు గిట్ల పెట్టినవా?"

నిమ్మచెక్క తెచ్చి అరచేతిల పిండిండు. ఎరుపు పోయి మళ్ల పచ్చగైంది! "సబ్బు, సోడా తగిలితే పసుపు ఎర్రగైతది. పులుపు తగిలితే మామూలే. గీ మాత్రం దానికి ఇల్లంత ఆగమా?"

ఎమ్మెస్సీ చదివింది నేను, చెప్పింది నాయిన!

అంతల మేడమ్ ఫోన్. ఉన్నదున్నట్టు చెప్పిన. ఆ బ్యాక్టీరియా మనుషులనేం చెయ్యదట, కానీ అప్పుడే చెప్పనందుకు పావుగంట తిట్టింది. ఉద్యోగమైతే పోలే. సోమవారం కొత్తోళ్లకు సేఫ్టీ క్లాసు నేనే చెప్పాలెనట. మొదటి స్లైడు మేడమే తయారుచేసింది: నేను కొట్టిన మెసేజ్, నా ఫొటోతో సహా!