జానెడు కదిలిన బండి

మా వదిన మొండిది. ఈ మాట నేనంటే చెల్లుతుంది గానీ ఇంకొకరంటే ఊరుకోను. ఇరవై రెండేళ్లుగా ఒకే వంటింట్లో ఆవిడతో వాదిస్తున్నదాన్ని, నాకా హక్కుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయితే ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లున్నాయని తేలిన రోజొకటి వచ్చింది. ఆ రోజు సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కాబట్టి నేనే చెప్పాలి.

ఆవిడ పని గూడ్సు యార్డులో. ఇంజను విప్పేసి లైనులో వదిలిన వ్యాగన్లు కదలకుండా చూడటం ఆ పని. చేతి బ్రేకులు తిప్పాలి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి, చక్రంలోంచి గొలుసు దూర్చి పట్టాకు చుట్టి తాళం వెయ్యాలి. రెండు గంటలకు మించి ఆగే బండికే గొలుసు అని నిబంధన. మా వదిన పది నిమిషాలు ఆగే బండికైనా కడుతుంది. ఒక్కో గొలుసు పదహారు కిలోలు, దాన్ని భుజాన వేసుకుని ఎండలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది. అందుకే యార్డులో అందరూ గొలుసమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఉద్యోగం మొదట మా అన్నయ్యది. పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, రెండు ఖాళీ వ్యాగన్ల మధ్య దూరి బ్రేకు గొట్టం బిగిస్తుంటే బండి కదిలింది. ఇంజను లేదు, తోసినవాడు లేడు, వీస్తున్న ఈదురుగాలి తప్ప. కుడికాలు మోకాలిదాకా పోయింది. విచారణకు వచ్చిన పెద్దమనుషులు నీడలో కుర్చీలు వేయించుకుని కూర్చుని, 'నిలిపి ఉంచిన వ్యాగన్లు గాలికి కదలవు, ఉద్యోగి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది' అని రాసి చేతులు దులుపుకున్నారు. అన్నయ్య స్థానంలో వదినను పనిలోకి తీసుకున్నారు. తీసుకున్న మొదటిరోజు నుంచే ఆవిడ గొలుసు పట్టింది.

అన్నయ్య అప్పటినుంచి ఇంట్లో కిటికీ పక్క బల్ల వేసుకుని గడియారాలు బాగుచేస్తున్నాడు. గడియారం ఇవ్వడానికి వచ్చినవాళ్లు కాలేమైందని అడిగితే, "తప్పు నాదేలెండి, చూసుకోలేదు" అంటాడు. మొదట్లో వెటకారంగా అనేవాడు. పోనుపోను నమ్మి అనడం మొదలుపెట్టాడు. అది వదినకు మింగుడుపడలేదు.

"నువ్వు చూసుకునేవాడివే. బండే కదిలింది" అనేది ఆవిడ.

"కదలదటగా. అంతంత చదువుకున్నవాళ్లు రాశారు" అనేవాడు ఆయన.

అక్కడితో ఇద్దరూ అన్నం మానేసి పడుకునేవారు, మధ్యలో నా వంట దండగయ్యేది.

నాది గూడ్సు షెడ్డులో మూటలు ఎత్తే పని. ఎనిమిదిమంది ఆడవాళ్లం, అందరికంటే పెద్దామెను పెద్దక్క అంటాం. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తినడానికి ఖాళీ వ్యాగన్ల కింద నీడలో చేరడం మా అలవాటు. యార్డంతా వెతికినా అంత చల్లటి చోటు లేదు. వదిన కంటపడితే మాత్రం మాకు తిట్లే కూర.

"ఏం మరదలా, కూర్చోడానికి నీకింకెక్కడా చోటు దొరకలేదా?"

"గొలుసేశావుగా వదినా, ఇంక భయమేంటి?"

"గొలుసేసింది బండికి. నీ బుద్ధికి కాదు."

ఆ రోజు పొద్దున మూడో లైనులో పద్దెనిమిది ఖాళీ డబ్బా వ్యాగన్లు వదిలి ఇంజను వెళ్లిపోయింది. గంటలో ఇంకో ఇంజను వస్తుందన్నారు. వదిన ఎప్పటిలాగే దిమ్మలు పెట్టింది, రెండు కొసలా గొలుసులు చుట్టింది, తాళాలు వేసి చెవులు నడుం పట్టీకి తగిలించుకుంది. గంట కాస్తా మూడు గంటలైంది. మధ్యాహ్నానికి గాలి పూర్తిగా ఆగిపోయింది. మా యార్డు రెండు గుట్టల మధ్య సందులో ఉంటుంది, అక్కడ ఆకైనా కదలకపోవడం మంచి సూచన కాదు. పడమటి వైపు ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగింది.

సరుకు చీటీ మీద ముద్ర కోసం నేను యార్డు మాస్టరు గదిలో నిలబడి ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాదు గానీ, బండి ఆలస్యమైతే పైవాళ్లు ఆయన్ను పీక్కుతింటారు, అందుకే కళ్లెప్పుడూ గోడ గడియారం మీదే. వదినను పిలిపించాడు.

"ఇంజను బయల్దేరిందమ్మా. ఇరవై నిమిషాల్లో ఇక్కడుంటుంది. ఈలోగా గొలుసులు విప్పేసి ఉంచు."

"ఇంజను తగిలాక విప్పుతానండి."

"అప్పుడు విప్పితే పదకొండు నిమిషాలు పోతుంది. పోయిన నెల కూడా నీ వల్లే పోయింది."

"ఒకసారి పడమర చూడండి."

ఆయన కిటికీలోంచి చూశాడు. "వానొస్తుందేమో, రానీ. గాలికి బండి కదలదని మీ ఆయన కేసులోనే తేలింది కదా."

ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన మాత్రం గొంతు పెంచలేదు.

"తేలింది కాగితం మీద కదండీ. అయితే ఆ కాగితమే కట్టండి చక్రాలకి."

"తాళంచెవులు ఇలా ఇవ్వు. వేరేవాళ్లతో విప్పిస్తాను."

"ఇవ్వను."

"ఇంకోసారి అడుగుతున్నా."

"ఇంకోసారి కూడా అదే మాటండి."

ఆయన ఉత్తర్వు పుస్తకం లాగి, ఈమె మాట వినలేదని నాలుగు వరుసలు గీకి సంతకం పెట్టమన్నాడు. వదిన తాపీగా మొత్తం చదివింది. "నిరాకరించింది అని ఒక్కసారే రాశారు. మీరు మూడుసార్లు అడిగారు, నేను మూడుసార్లు కాదన్నాను. ఉన్నదున్నట్టు రాయండి" అంది. ఆయన దిద్దేదాకా నిలబడి, అప్పుడు సంతకం పెట్టి బయటికి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేమన్నా పిచ్చా వదినా? ఈ పని పోతే ఏం చేస్తావు?"

"నీతోపాటు మూటలు మోస్తా. ముందు నువ్వు ఆ బండి కిందికి పోనని మాటివ్వు."

సరేనన్నాను. ఆ మాట పావుగంట కూడా నిలబెట్టుకోలేదు.

షెడ్డు నుంచి మూడో లైను దాటుతుండగా గాలి మీద పడింది. ముందు దుమ్ము, ఆ వెనకే రాళ్లు. షెడ్డు కప్పు రేకు ఒకటి మొలలు ఊడి లేచి, మా పక్కనున్న తోపుడుబండిని రెండు ముక్కలు చేసి పోయింది. రెండో రేకు లేస్తుంటే చూశాం. ఇంక మాటలూ లేవు, ప్రమాణాలూ లేవు. ఎనిమిదిమందిమీ వ్యాగన్ కిందికి దూరి బోర్లా పడ్డాం. పెద్దక్కకు లోపల చోటు చాలక, చెయ్యి పట్టా మీదే ఉండిపోయింది.

ఆ గాలి రెండు గుట్టల సందులోంచి తిన్నగా బండి వెనకభాగాన్ని కొడుతోంది. చివరి వ్యాగన్ దగ్గర మొదట వ్యాగన్లను కలిపే కొక్కెం ఠంగుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత దాని ముందుది, ఆపైన దాని ముందుది. చప్పుడు ఒక్కో వ్యాగన్ దాటుకుంటూ మావైపు వస్తోంది. మా పక్క చక్రం మీద ఎవరో సుద్దతో గీసిన గీత ఉంది. పైకి ఉన్న ఆ గీత పక్కకి వంగడం నేను కళ్లారా చూశాను. దిమ్మ కిర్రుమని నలిగి చీలిపోయింది. "చెయ్యి తియ్యి పెద్దక్కా" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. చక్రం ఇంకొంచెం తిరిగింది, గొలుసు బిర్రబిగిసింది, బండి ఆగిపోయింది.

కదిలింది జానెడు. పెద్దక్క మోచేతికీ చక్రానికీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత చోటు మిగిలింది.

పై ప్రాణాలు పైనే పోయాయనుకుంటుండగా దుమ్ములోంచి వదిన ముఖం కనబడింది. మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, చంకలో తెచ్చిన కొత్త దిమ్మను సుత్తితో కొట్టి చక్రం కింద దిగేసింది. "తలెత్తకుండా పాకండి. కాలవలోకి" అంటూ ఒక్కొక్కరినీ రెక్క పట్టి లాగింది. నన్ను అందరికంటే ఆఖరున లాగింది.

"మాటిచ్చావు."

"తిట్టడం తర్వాత వదినా."

లైను పక్క కాలవ బురదలో ఆవిడ నా మీద బోర్లా పడుకుంది. అంత బలంగా నన్నెవరూ ఎప్పుడూ పట్టుకోలేదు.

గాలి తగ్గాక వెళ్లి చూస్తే, గొలుసులో ఒక కడియం సాగిపోయి సన్నగా పొడుగైంది. అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక. యార్డు కమ్మరితో ఆ కడియాన్ని, దాని పక్కనున్న మంచి కడియాన్ని కోయించి వదిన జేబులో వేసుకుంది.

నాలుగో రోజున పైనుంచి కాగితం వచ్చింది. మెచ్చుకుంటారనుకున్నాను, నా అమాయకత్వం. ఉత్తర్వు ధిక్కరించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. 'గాలికి వ్యాగన్లు కదలవని గత విచారణలోనే నిర్ధారణ అయింది' అని అందులో మళ్లీ రాశారు. ఇకమీదట ఇలా చేయనని వారంలోగా క్షమాపణ రాసివ్వకపోతే యార్డు పని నుంచి శాశ్వతంగా తప్పిస్తారట. కాగితం పట్టుకుని యార్డు మాస్టరే ఇంటికి వచ్చాడు.

"ఒక్క వాక్యం రాసిచ్చెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది. ప్రమాదమంటూ ఏదీ జరగలేదు కదా, నేను పైవాళ్లకి ఏం చూపించి వాదించను?"

"జరగలేదు కాబట్టి మీరు నా మీద రాశారు. జరిగుంటే మా ఆయన మీద రాసినట్టు, ఆ ఎనిమిదిమంది మీద రాసేవారు."

ఆయన తలొంచుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ రాసిచ్చెయ్యమనే అన్నాను. ప్రాణం కాపాడినదానికి ఇదా నేను ఇచ్చే సలహా అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఇల్లు గడవాలన్న భయం అలాంటిది.

వదిన లోపలికి వెళ్లి ఆ రెండు కడియాలూ తెచ్చి అన్నయ్య బల్ల మీద, విప్పిన గడియారాల మధ్య పెట్టింది. అన్నయ్య కంటికి భూతద్దం తగిలించుకుని రెంటినీ తిప్పి తిప్పి చూశాడు. సాగిన కడియాన్ని కొలిచాడు. మంచిదాన్ని కొలిచాడు. మళ్లీ సాగినదాన్ని కొలిచాడు. తర్వాత భూతద్దం తీసి నావైపు తిరిగాడు.

"ఎంత కదిలింది చెల్లీ?"

జాన చాచి చూపించాను.

"ఇంజను లేదుగా?"

"లేదన్నయ్యా."

"ఎవరూ తొయ్యలేదుగా?"

"ఎవరు తోస్తారు? ఉన్న ఎనిమిదిమందిమీ కిందే పడున్నాం."

అన్నయ్య సాగిన కడియాన్ని మంచిదాని పక్కన పెట్టాడు. బల్ల మీద గడియారాలు వేటికవి కొట్టుకుంటున్నాయి.

"నేను ఆ రోజు చూసుకున్నాను" అన్నాడు. "రెండువైపులా చూసి, ఇంజను లేదని చూసి, అప్పుడే లోపలికి దూరాను. నాకు బాగా గుర్తుంది."

వదిన ఏడవడం నేను అప్పుడు చూశాను. కాలు పోయిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు. "ఈ ఒక్క మాట చెప్పడానికి నీకు పదకొండేళ్లు పట్టిందా?" అంది. కొంగున్నవాళ్లు కొంగుతో తుడుచుకుంటారు, ఆవిడ గ్రీసు చేత్తో తుడుచుకుని ముఖమంతా నల్లగా చేసుకుంది. నేను నవ్వబోయి నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రమే జవాబు రాశారు. వదిన చెప్పింది, అన్నయ్య తన గుండ్రటి దస్తూరీతో రాశాడు. 'ఆ రోజు గొలుసు కట్టాను. నిన్న కట్టాను. రేపూ కడతాను. బండి జానెడు కదిలింది, చూసినవాళ్లు ఎనిమిదిమంది. సాగిన కడియం నా దగ్గరుంది, మీరు వచ్చి కొలుచుకోవచ్చు. పంపమంటే మాత్రం పంపను.' కింద వదిన సంతకం, దాని కింద మా ఎనిమిదిమంది గుర్తులు. పెద్దక్క, దక్కిన చేతితోనే వేస్తానంటూ నవ్వి, పట్టా మీద ఉండిపోయిన ఆ చేతి వేలిముద్రే వేసింది.

కాగితం వెళ్లి నెల దాటింది. ఉలుకూ పలుకూ లేదు. వదిన రోజూ గొలుసు భుజాన వేసుకుని వెళుతూనే ఉంది, మేం ఇప్పుడు మట్టికట్ట పక్కన ఎండలో కూర్చుని తింటున్నాం. నిన్న ఎవరో గోడ గడియారం పట్టుకొచ్చి, అన్నయ్యను కాలేమైందని అడిగారు. నేను వంటింట్లో చేతిలో పని ఆపి చెవి ఒగ్గాను.

"బండి కదిలిందండి" అన్నాడు అన్నయ్య. "నేను చూసుకున్నాను."